గూడ్సును ముందు పంపండి

తిరుపతి చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీల వాళ్లు ఫైనలియర్ ప్రాజెక్టులు చూసిపెట్టమని నన్ను పిలుస్తుంటారు. బెంగళూరులో చాలా ఏళ్లు ఆసుపత్రి పరికరాలకు ఫర్మ్‌వేర్ రాసి, ఇప్పుడు సొంతూరు ఏర్పేడుకు వచ్చేసిన మనిషిని కాబట్టి ఆ పిలుపు. పిల్లలు కష్టపడతారు, అందులో నాకేం అనుమానం లేదు. బోరు మోటారు స్టార్టర్లు, డ్రిప్పు వాల్వులు, ఇంక్యుబేటర్లు, ఏవేవో చేసి తెస్తారు. నేను బొమ్మలూ పవర్‌పాయింట్లూ పక్కన పెట్టించి, కోడు తెరిపించి ఒకే ప్రశ్న అడుగుతాను: ‘ఈ టాస్కుకు ఈ ప్రయారిటీ నంబరే ఎందుకిచ్చారు?’

దాదాపు ప్రతిసారీ ఒకటే జవాబు. ‘అది ముఖ్యమైంది కదా మేడం.’

ఆ జవాబు తప్పు. పైగా అది నష్టం తెచ్చే తప్పు. మన ప్రాంతంలో కంప్యూటర్ సైన్స్ చదివి బయటికొచ్చే పిల్లల్లో ఎక్కువమందికి అది తప్పని కూడా తెలియదు. ఎందుకంటే ఆపరేటింగ్ సిస్టమ్స్ సబ్జెక్టులో వాళ్లు ఈ సంగతి పరీక్ష కోసం కూడా చదవడం లేదు.

ఈమధ్య చూసిన ఒక బోరు స్టార్టరునే తీసుకోండి. ఈఎస్‌పీ32 బోర్డు, దాని మీద ఫ్రీఆర్‌టీఓఎస్ అనే చిన్న రియల్ టైమ్ ఆపరేటింగ్ సిస్టమ్. మూడు టాస్కులు. మోటారు లాగే కరెంటును కొలిచేది ఒకటి, రైతు ఫోనుకు మెసేజ్ పంపేది ఒకటి, చిన్న తెర మీద అంకెలు చూపేది ఒకటి. బోరులో నీళ్లు అయిపోతే మోటారు ఉత్తినే తిరుగుతుంది, లాగే కరెంటు పడిపోతుంది, అది పసిగట్టి ఆపాలి. ఒక ఫేజు పోతే మిగతా రెండింటి మీద భారం పడి కరెంటు పెరిగిపోతుంది, అప్పుడు ఇంకా తొందరగా ఆపాలి. లేకపోతే వైండింగ్ మాడిపోతుంది. మన కరెంటు సెకనుకు 50 సైకిళ్లు, అంటే సైకిలుకు 20 మిల్లీసెకన్లు. కాబట్టి ఆ కొలత టాస్కు ప్రతి 20 మిల్లీసెకన్లకూ ఒకసారి తన పని తాను చేసుకుపోవాలి. ఆలోచన బాగుంది, సర్క్యూటు బాగుంది.

ప్రయారిటీల దగ్గరికొచ్చేసరికి మూడు టాస్కులకూ 24 అని రాసి ఉంది. ఆ బోర్డులో మామూలుగా 0 నుంచి 24 దాకా ఉంటాయి, 24 అన్నింటికన్నా పైది. ‘మూడూ ముఖ్యమే మేడం, అందుకే మూడింటికీ టాప్ ఇచ్చేసినాం’ అన్నాడు ఆ బ్యాచ్ కుర్రాడు. అందరూ ఒకే మెట్టు మీద ఉంటే, ఎవరు ఎప్పుడు నడవాలో తేల్చే షెడ్యూలర్ చేయగలిగింది వంతులు వేయడమే. మెసేజ్ పంపే టాస్కేమో జీఎస్‌ఎమ్ మాడ్యూలు ‘ఓకే’ అని బదులిచ్చేదాకా ఖాళీ లూపులో తిరుగుతూ, తన వంతు వచ్చినప్పుడల్లా ప్రాసెసర్‌ను వాటేసుకుని కూర్చుంది. మూడింటినీ ప్రాసెసర్‌లోని ఒకే కోరుకు కట్టేశారు కాబట్టి కరెంటు కొలిచే టాస్కు తన గడువులు తప్పుతూ పోయింది. అట్టడుగున 0లో ఉండే ఐడిల్ టాస్కుకు అసలు వంతే రాలేదు. దాంతో సీరియల్ మానిటర్‌లో, ఏ టాస్కయినా ప్రాసెసర్‌ను వదలకపోతే పట్టిచ్చే వాచ్‌డాగ్ హెచ్చరికలు వరసగా పడ్డాయి. ఆ హెచ్చరికలకు ఆ బ్యాచ్ కనుక్కున్న వైద్యం వాచ్‌డాగ్‌ను ఆఫ్ చేయడం!

నవ్వుకోవచ్చు గానీ, జీతాలు తీసుకునే ఇంజనీర్లు కూడా ఇదే పని చేయడం నేను చూశాను.

రియల్ టైమ్ సిస్టమ్‌కు కావలసింది వేగం అనుకుంటారు. కావలసింది గడువుకు అందడం. రోజుకొక్కసారి చేయాల్సిన పనిని ఆ రోజులోపు చేస్తానని ముందే లెక్కగట్టి చెప్పగలిగితే అదీ రియల్ టైమే. మిల్లీసెకనులో వందసార్లు చేసి నూటొకటోసారి ఎప్పుడు చేస్తుందో చెప్పలేకపోతే కాదు. మన ఫోనులో, లాప్‌టాప్‌లో మామూలు ప్రోగ్రాములను నడిపే షెడ్యూలర్ చూసేది వేరే. అందరికీ న్యాయంగా వాటా అందుతోందా అన్నదే దాని తపన. లినక్స్‌లో 2007 నుంచి ఆ పని చేసిన సీఎఫ్‌ఎస్ (కంప్లీట్లీ ఫెయిర్ షెడ్యూలర్) పేరులోనే ఆ న్యాయం ఉంది. 2023లో దాని స్థానంలోకి వచ్చిన ఈఈవీడీఎఫ్‌దీ ఆ దారే, కాకపోతే ఎవరికి తొందరో కాస్త ఎక్కువ పట్టించుకుంటుంది.

రియల్ టైమ్ ప్రయారిటీకి ఈ న్యాయం పట్టదు. నడవడానికి సిద్ధంగా ఉన్న టాస్కుల్లో పైమెట్టు మీద ఎవరుంటే వాళ్లే నడుస్తారు. నడుస్తుండగా ఇంకా పైవాడు నిద్ర లేస్తే కింది వాడు ఉన్నపళంగా దిగిపోవాలి. పైవాడు తనంతట తాను పని ముగించేదాకా, లేదా దేనికోసమో ఎదురుచూస్తూ ఆగేదాకా కిందివాడికి ఒక్క క్షణం కూడా దొరకదు. లినక్స్‌లో ఫిఫో అనే పద్ధతి అచ్చం ఇదే. అక్కడ రియల్ టైమ్ ప్రయారిటీలు 1 నుంచి 99 దాకా, 99 అన్నింటికన్నా పైన. వీఎక్స్‌వర్క్స్ అనే ఇంకో సిస్టమ్‌లో తలకిందులు, అక్కడ 0 పైది, 255 కిందిది. ఒకదాని నుంచి ఇంకోదానికి కోడు మార్చేటప్పుడు ఈ దిక్కు మార్చడం మరిచిపోతే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

ఇంత కర్కశమైన నియమం ఉన్నచోట ఎవరిని ఏ మెట్టు మీద కూర్చోబెట్టాలి? ఇక్కడే ‘ముఖ్యమైంది కదా’ అనే జవాబు బెడిసికొడుతుంది.

సిరంజీ పంపు తీసుకుందాం. రోగి నరంలోకి మందును కొద్దికొద్దిగా ఎక్కించే యంత్రం, ఐసీయూలో మంచం పక్కన ఉంటుంది. దాని లోపల రెండు పనులున్నాయనుకోండి. ఒకటి, మోటారును ఒక్కో అడుగు కదిలించడం. 10 మిల్లీసెకన్లకొకసారి రావాలి, వచ్చినప్పుడల్లా 4 మిల్లీసెకన్లు పడుతుంది. రెండోది, ఇప్పటిదాకా ఎంత మందు వెళ్లింది, డాక్టరు చెప్పిన మోతాదు దాటుతోందా అని లెక్క చూడటం. 100 మిల్లీసెకన్లకొకసారి చాలు, కానీ 30 మిల్లీసెకన్లు పడుతుంది. ఏది ముఖ్యం? ఏ డాక్టరును అడిగినా రెండోదే అంటాడు. నిజమే, మోతాదు తప్పితే ప్రాణం పోతుంది.

సరే, ఆ డాక్టరు మాట విని రెండోదానికి పైమెట్టు ఇద్దాం. అది మొదలుపెట్టిందంటే 30 మిల్లీసెకన్లు ఏకబిగిన నడుస్తుంది. ఈలోగా మోటారు మూడుసార్లు అడుగు వేయాలి, మూడూ తప్పుతుంది. ప్రతి పదో వంతు సెకనుకూ మూడు అడుగులు గల్లంతు. మోతాదును కాపాడబోయి మోతాదునే చెడగొట్టాం. ఇప్పుడు తిప్పి చూద్దాం. మోటారుకు పైమెట్టు ఇస్తే ప్రతి 10లో 4 అది తీసుకుంటుంది, 6 మిగులుతాయి. లెక్క చూసే పనికి కావలసిన 30 మిల్లీసెకన్లు ఐదు విడతల్లో సమకూరుతాయి. సరిగ్గా 50వ మిల్లీసెకనుకు ముగుస్తుంది, దాని గడువు 100. ఒక్క అడుగూ తప్పలేదు, ఒక్క లెక్కా ఆలస్యం కాలేదు. ప్రాసెసర్ మారలేదు, కోడు మారలేదు, రెండు అంకెలు అటుదిటు అయ్యాయి, అంతే.

తరచుగా రావలసిన పనికి పైమెట్టు ఇవ్వండి, అరుదుగా వచ్చేదానికి కింది మెట్టు ఇవ్వండి అన్న ఈ సూత్రాన్ని 1973లో సి.ఎల్. లియు, జేమ్స్ లేలాండ్ అనే ఇద్దరు గణితంతో రుజువు చేశారు. మారని ప్రయారిటీలు ఇచ్చే పద్ధతుల్లో ఇంతకన్నా మెరుగైనది లేదనీ తేల్చారు. దాంతోపాటు ఒక హద్దు కూడా గీశారు. రెండు టాస్కులుంటే ప్రాసెసర్ మీది భారం దాదాపు 83 శాతం లోపు ఉన్నంతవరకు, టాస్కులు ఎన్నయినా సరే 69 శాతం లోపు ఉన్నంతవరకు, ఏ గడువూ తప్పదు. హద్దు దాటితే తప్పుతుందని కాదు, విడిగా లెక్క వేసుకోవాలి. మన పంపులో 40కి 30 కలిపితే 70 శాతం, హద్దులోనే ఉన్నాం. ఇది పదో తరగతి పిల్లలు కూడా వేయగల లెక్క. అయినా ఫైనలియర్‌లో వేసేవాళ్లు నాకు అరుదుగా తగులుతున్నారు.

ముఖ్యత్వం గురించి అడగొద్దని కాదు. గడువు తప్పితే ప్రాణం పోతుందా, లేక తెర మీద అంకె కాస్త ఆలస్యంగా మారుతుందా అన్నది డిజైన్ మొదట్లోనే తేల్చుకోవాలి. ప్రాసెసర్ మీద మోయలేనంత భారం పడినప్పుడు ఏ పనిని వదిలేయాలో చెప్పేది అదే. 1969 జూలై 20న అపోలో 11 చంద్రుడి మీద దిగుతుండగా కంప్యూటర్ 1202, 1201 అని అలారాలు మోగించింది. అక్కరలేని రాడార్ ఒకటి ప్రాసెసర్ సమయాన్ని తినేస్తోంది. ఎంఐటీ వాళ్లు రాసిన ప్రోగ్రాము తనను తాను మళ్లీ మొదలుపెట్టుకుని, తక్కువ అవసరమైనవి వదిలేసి, దిగే పనిని మాత్రం వదలకుండా పట్టుకుంది. ఏది వదలాలో దానికి ముందే చెప్పి ఉంచారు. ‘మూడూ ముఖ్యమే’ అని రాసి ఉంటే ఆ రోజు కథ వేరేగా ఉండేది.

ఇంతవరకు కథ సులువు. ప్రయారిటీల్లో అసలు మెలిక వేరే ఉంది, దాన్ని నేను రైలుతో చెబుతాను. మా నాయన రైల్వేలో పాయింట్స్‌మ్యాన్. రాచగున్నేరి, ఏర్పేడు, రేణిగుంట, ఈ ముక్కలో బండ్లు ఎట్లా నడుస్తాయో మా ఇంట్లో అన్నం తింటూ మాట్లాడుకునే సంగతి. రైళ్లకు వరస ఉంటుంది. ప్రమాద స్థలానికి వెళ్లే రిలీఫ్ ట్రైన్‌కు అన్నింటికన్నా ముందు దారి. ఆ తర్వాత పెద్ద బండ్లు, తర్వాత ప్యాసింజర్లు, చివర గూడ్సులు. 2023 ఏప్రిల్ 8న మొదలైన సికింద్రాబాద్–తిరుపతి వందే భారత్ ఏర్పేడులో ఆగకుండా దూసుకుపోతుంది, దానికోసం ప్యాసింజరును లూప్ లైన్లో పెడతారు. ఇంతవరకు ఇది షెడ్యూలర్ చేసే పనే.

కానీ ఒక బ్లాక్ సెక్షన్‌లో ఒక్క బండే ఉండాలి. గూడ్సు అప్పటికే ఏర్పేడు దాటి రేణిగుంట వైపు సెక్షన్‌లోకి వెళ్లిపోయిందనుకోండి. వెనక ఎక్స్‌ప్రెస్ వచ్చింది. ఎంత పెద్ద బండయినా సిగ్నల్ దగ్గర ఆగాల్సిందే. గూడ్సును మధ్యలో పట్టాల మీంచి ఎత్తి పక్కన పెట్టలేం. ఇది తప్పని ఆలస్యం, అందరికీ తెలుసు. అసలు చిక్కు తర్వాత వస్తుంది. గూడ్సు రేణిగుంట ఔటర్ దగ్గరికొచ్చేసరికి అరక్కోణం వైపు నుంచి ఒక ప్యాసింజరు వస్తోంది. గూడ్సుకన్నా ప్యాసింజరు పైది కాబట్టి దాన్ని ముందు లోపలికి తీసుకున్నారు. ఆ వెంటనే కడప వైపు నుంచి ఇంకోటి. అదీ గూడ్సుకన్నా పైదే. గూడ్సు ఔటర్‌లో నిలబడిపోయింది. దాని వెనక, ఈ ప్యాసింజర్లన్నింటికన్నా పైవరసలో ఉన్న ఎక్స్‌ప్రెస్, తనకు ఏ సంబంధమూ లేని చిన్న బండ్ల కోసం ఏర్పేడులో కూర్చుంది. ప్రతి నిర్ణయమూ రూలు ప్రకారమే జరిగింది, ఫలితం మాత్రం రూలుకు తలకిందులు.

బుర్ర ఉన్న కంట్రోలర్ ఏం చేస్తాడు? వెనక ఎక్స్‌ప్రెస్ ఉందని తెలిసిన మరుక్షణం గూడ్సును ఎక్స్‌ప్రెస్‌లాగే చూస్తాడు. ప్యాసింజర్లను ఆపి గూడ్సుకు దారిస్తాడు. అది లూప్‌లోకి చేరి మెయిన్ లైను వదిలాక మళ్లీ మామూలు గూడ్సే.

కంప్యూటర్‌లో బ్లాక్ సెక్షన్ లాంటిదే మ్యూటెక్స్ అనే తాళం. ఇద్దరు వాడే వస్తువును ఒకేసారి ఒకరే ముట్టుకునేలా కాపాడుతుంది. కింది టాస్కు ఆ తాళం పట్టుకుని ఉండగా పై టాస్కుకు అదే కావాల్సి వస్తుంది, ఆగుతుంది. ఈలోగా తాళంతో పనిలేని మధ్య టాస్కొకటి లేచి కింది టాస్కును దింపేస్తుంది. ఇక పై టాస్కు ఎంతసేపు ఆగాలో చెప్పేవాళ్లు లేరు. ప్రయారిటీ ఇన్‌వర్షన్ అంటే ఇదే.

దీని దెబ్బ ఎంతటిదో లోకానికి తెలిసింది అంగారకుడి మీద. నాసా పంపిన పాత్‌ఫైండర్ 1997 జూలై 4న అక్కడ దిగింది. ఫొటోలు పంపింది, అందరూ చప్పట్లు కొట్టారు. కొద్ది రోజులకే దాని కంప్యూటర్ ఉండుండి తనంతట తాను రీసెట్ కావడం మొదలైంది. రీసెట్ అయినప్పుడల్లా ఆ రోజు మిగిలిన పని మర్నాటికి వాయిదా. అందులో నడిచేది వీఎక్స్‌వర్క్స్. పరికరాల మధ్య సమాచారాన్ని మోసే బస్సును చూసుకునే టాస్కుకు పై ప్రయారిటీ, అది సెకనుకు ఎనిమిదిసార్లు పని ముగించాలి. వాతావరణం కొలతలు తీసుకునే టాస్కుది కింది మెట్టు. ఆ కింది టాస్కు ఒక తాళం పట్టుకుని ఉండగా మధ్య మెట్టులోని టాస్కులు లేచి దాన్ని దింపేసేవి. బస్సు టాస్కు గడువుకు ముగిసేది కాదు. ముగియలేదని గమనించిన కాపలా టాస్కు, ఏదో ఘోరం జరిగిందనుకుని మొత్తాన్నీ రీసెట్ చేసేది. నాసా వారి జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీలో అచ్చం అలాంటి కంప్యూటరే పెట్టుకుని, గంటల తరబడి నడిపి, అదే తప్పును అక్కడ పుట్టించి పట్టుకున్నారు. వైద్యం ఏమిటంటారా? ఆ తాళానికి ‘వారసత్వం’ అనే ఒక ఆప్షన్ ఉంది, దాన్ని ఆన్ చేయడం. తాళం పట్టుకున్న కింది టాస్కు, దానికోసం ఆగిన పై టాస్కు ప్రయారిటీని కాసేపు తీసుకుంటుంది, తాళం వదలగానే వెనక్కి ఇచ్చేస్తుంది. గూడ్సును ముందు పంపడమే. భూమి నుంచి ఆ చిన్న మార్పు పంపారు, రీసెట్లు ఆగిపోయాయి. 1973 నాటి రుజువు రాసిన ఇద్దరిలో లేలాండ్ పనిచేసింది కూడా ఈ ల్యాబొరేటరీలోనే. సూత్రం పుట్టిన ఇంట్లోనే తప్పు దొరికింది, అక్కడే దిద్దుకున్నారు.

ఆ ‘వారసత్వం’ పద్ధతిని కాగితం మీద పెట్టి రుజువు చేసినవారు లూయి షా, రాజ్‌కుమార్, లెహోజ్కీ. వారి వ్యాసం అచ్చయింది 1990లో. పాత్‌ఫైండర్ కథను 1997 డిసెంబరులో రియల్ టైమ్ సిస్టమ్స్ సదస్సులో చెప్పినప్పుడు ఆ ముగ్గురూ అక్కడే ఉన్నారు. వాళ్లను లేచి నిలబడమని గౌరవించారు. ఈ పని సాగిన చోటు పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం. అదే సమయంలో అక్కడి రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌కు డైరెక్టరుగా ఉన్నాయన ఎవరో తెలుసా? మన ఉమ్మడి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి. 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న దబ్బల రాజగోపాల్ రెడ్డి. ఈ వారసత్వం (ప్రయారిటీ ఇన్‌హెరిటెన్స్) ఆయన పని కాదు, ఆయన కృషి మాటలను గుర్తుపట్టే యంత్రాల మీద. ఆ కీర్తిని ఆయన ఖాతాలో వేయనక్కరలేదు. నేను చెప్పేది, ఈ విద్య మనకు అందనంత దూరంలో ఏమీ లేదని.

వారసత్వం అన్ని రోగాలకూ మందు కాదు. ఆర్‌టీలినక్స్ రూపొందించిన విక్టర్ యోడైకెన్ ఈ పద్ధతికి వ్యతిరేకంగా 2002లో ఏకంగా ఒక వ్యాసమే రాశాడు. నా పక్షపాతం కూడా కొంత అటే. తాళం పట్టుకున్నవాడు త్వరగా వదిలేలా కోడు రాయడం మొదటి పని, వారసత్వం ఆ తర్వాతి భద్రత. తాళం పట్టుకుని జీఎస్‌ఎమ్ మాడ్యూలు బదులు కోసం కూర్చునేవాడిని ఏ వారసత్వమూ కాపాడలేదు.

అసలు ఇదంతా నాసా వాళ్ల గోల, మనకెందుకు అనేవాళ్లున్నారు. మొన్నమొన్నటిదాకా రియల్ టైమ్ ఒక చిన్న కులంవాళ్ల విద్యలా ఉండేదన్నది నిజమే. ఇప్పుడు కాదు. లినక్స్‌ను పూర్తిస్థాయి రియల్ టైమ్ చేసే ప్రీఎంప్ట్ ఆర్‌టీ పని థామస్ గ్లైక్స్‌నర్, ఇంగో మోల్నార్, స్టీవెన్ రోస్టెడ్ వంటివారి చేతుల్లో సుమారు ఇరవై ఏళ్లు బయటే నలిగింది. 2024 నవంబరులో వచ్చిన 6.12 కెర్నల్‌తో అది అసలు లినక్స్‌లో కలిసిపోయింది. అంటే మన విద్యార్థి లాప్‌టాప్‌లోనే ఈ ప్రయోగాలు చేసుకోవచ్చు. అదే లినక్స్ రియల్ టైమ్ టాస్కులకు చాలా ఏళ్లుగా ఒక ముకుతాడు కూడా వేసి ఉంచింది. మామూలుగా సెకనులో 0.95 వంతే వాటికి, మిగతాది ఇతరులకు. లేకపోతే ఒక పిచ్చి లూపు మిషన్ మొత్తాన్ని బిగదీస్తుంది. విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి తమ గేముకు ‘రియల్‌టైమ్’ ప్రయారిటీ ఇచ్చుకునే హాస్టల్ పిల్లలకు ఇది తెలియాలి. గేము వేగం పెరగదు, మౌసూ కీబోర్డూ మొరాయిస్తాయి.

ఇక మన చుట్టూ చూడండి. ఆకాశం తేటగా ఉన్న రోజు మా మిద్దె మీంచి శ్రీహరికోట రాకెట్ పొగ కనిపిస్తుంది. 2023 అక్టోబరు 21న గగన్‌యాన్ మొదటి టీవీ-డీ1 పరీక్ష లిఫ్టాఫ్‌కు 5 సెకన్ల ముందు ఆగింది. ఆపింది మనిషి కాదు, ప్రయోగ క్రమాన్ని నడిపే కంప్యూటర్. సంగతి సరిచూసి ఆ ఉదయమే 10 గంటలకు విజయవంతంగా పంపారు. ఇస్రో రాకెట్లలో 2009 నుంచి విక్రమ్ 1601 అనే మన సొంత 16 బిట్ ప్రాసెసర్ వాడుతున్నారు. దాని తర్వాతి తరం, 32 బిట్ విక్రమ్ 3201, 2025లో చండీగఢ్ సెమీకండక్టర్ ల్యాబొరేటరీ నుంచి బయటికొచ్చింది. ఇటు శ్రీసిటీలో మెట్రో బోగీలు, ఏసీలు, వాహనాలు తయారవుతున్నాయి. బ్రేకు, తలుపు, కంప్రెసర్, వీటిని నడిపే ప్రోగ్రాములన్నీ గడువులతో బతికేవే. మా ఊళ్లోనే ఐఐటీ ఉంది. అందులోని నవావిష్కార్ ఐ-హబ్, కేంద్రం 2018లో 3,660 కోట్లతో మంజూరు చేసిన సైబర్ ఫిజికల్ సిస్టమ్స్ మిషన్ కింద పెట్టిన 25 కేంద్రాల్లో ఒకటి. సైబర్ ఫిజికల్ అంటే కంప్యూటర్ భౌతిక ప్రపంచాన్ని ముట్టుకోవడం. అలా ముట్టుకునేచోటల్లా గడువు ఉంటుంది.

ఆ ఐఐటీ పక్కనే, పది ఇరవై కిలోమీటర్ల లోపు కాలేజీల్లో, ఆపరేటింగ్ సిస్టమ్స్ పరీక్షకు పిల్లలు ఏం చదువుతున్నారు? ఐదు ప్రాసెస్‌ల బర్స్ట్ టైములు ఇస్తారు, గాంట్ చార్టు గీసి సగటు వెయిటింగ్ టైము కనుక్కోమంటారు. ఎఫ్‌సీఎఫ్‌ఎస్, ఎస్‌జేఎఫ్, రౌండ్ రాబిన్ అనే షెడ్యూలింగ్ పద్ధతులు. పది మార్కులు గ్యారంటీ. నేను చదివినప్పుడూ ఇదే, ఇప్పుడూ ఇదే. ఆ లెక్క పనికిరానిదని అనను. కానీ సగటు ఎంత బాగున్నా బోరు మోటారుకు ఒరిగేదేమీ లేదు, దాన్ని కాల్చేది ఆ ఒక్క చెడ్డ క్షణమే. పాఠ్యపుస్తకంలో రియల్ టైమ్ షెడ్యూలింగ్ భాగం ఉండనే ఉంది, అది వచ్చేసరికి సెమిస్టర్ అయిపోతుంది. ప్రయారిటీ షెడ్యూలింగ్ అని ఒక ముక్క చెబుతారు గానీ, అక్కడ ప్రయారిటీ ప్రశ్నపత్రంలో అచ్చేసి ఇచ్చే అంకె. అది ఎలా వచ్చింది, ఎవరు ఇచ్చారు, ఎందుకిచ్చారు అని ఎవరూ అడగరు. నేను అడిగే ప్రశ్నకు జవాబు రాకపోవడంలో వింతేముంది?

అందుకని బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లలో కూర్చునే పెద్దలకూ, ఉన్నత విద్యామండలికీ నా విన్నపం చిన్నది. ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబులో రెండు ప్రయోగాలు చేర్చండి. ఒకటి, రెండు టాస్కుల కాలాలు ఇచ్చి ప్రయారిటీ ఎవరికివ్వాలో లెక్కగట్టించి, బోర్డు మీద నడిపించి, గడువు తప్పినప్పుడు ఎల్‌ఈడీ వెలిగేలా చేయించడం. రెండోది, మూడు టాస్కులూ ఒక తాళంతో ప్రయారిటీ ఇన్‌వర్షన్‌ను కళ్లారా చూపించడం. ఫ్రీఆర్‌టీఓఎస్‌లో బైనరీ సెమాఫోర్‌కు వారసత్వం లేదు, మ్యూటెక్స్‌కు ఉంది. తాళం సృష్టించే ఆ ఒక్క చోటు మారిస్తే చాలు, పై టాస్కు ఎదురుచూపు ఎట్లా తగ్గిపోతుందో తెర మీదే కనిపిస్తుంది. బోర్డు ఖరీదు కొన్ని వందల రూపాయలు, సాఫ్ట్‌వేరు ఉచితం. పరీక్షలో గాంట్ చార్టు ప్రశ్న పక్కన ‘ఈ ప్రయారిటీ ఎందుకిచ్చారో కారణం రాయండి’ అని ఒకటి పెట్టండి. ప్రశ్న లేకపోతే మన దగ్గర పాఠం చెప్పరు, ఇది మీకు తెలియంది కాదు. ఏర్పేడు ఐఐటీ వాళ్లు ఏటా వేసవిలో చుట్టుపక్కల కాలేజీల లెక్చరర్లకు ఒక వారం ఈ ప్రయోగాలు నేర్పితే ఇంకా మేలు. పిల్లలకన్నా ముందు నేర్చుకోవలసింది వాళ్లే.

వచ్చే సెమిస్టర్ దాకా ఆగలేని లెక్చరర్లకు ఒక మాట. రెండో ప్రయోగం చేయించేటప్పుడు మూడు టాస్కులనూ ఒకే కోరుకు కట్టండి. ఈఎస్‌పీ32లో రెండు కోర్లుంటాయి, వదిలేస్తే కింది టాస్కు రెండో కోరు మీద నడిచిపోయి ఇన్‌వర్షన్ బయటపడదు.